కాలిన గాయములకు మందుజెల్ పట్టీలు: ఒక సమీక్ష

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు పరిసరములందు బొగ్గుపొరల జాడ కనుగొనగా, 1889లో త్రవ్వకము మొదలుకాగా, నాటినుండియు, నేడు కొత్తగూడెము ప్రధానస్థానముగా గోదావరిఖని, రామగుండముల దాక విస్తరించిన సింగరేణి మండలమున జనజీవనము నిప్పునకు అతిసమీపముననే సాగుచున్నది. బొగ్గు గాలి సోకినచో లోలోన వేడెక్కి తనంత తానే రాజుకొనగల పదార్థము. బాయిలో (గనిలో) పేలుడుమందు పెట్టి పేల్చుట, కన్వేయరు బెల్టుల రాపిడి, విద్యుత్ పేటికలనుండి హఠాత్తుగా ఎగయు మంట, పాల్వంచ థర్మల్ కేంద్రమున ఆవిరిగొట్టములు, వేడిబూడిద, ఇవన్నియు పనివాని చర్మమునకు నిత్యశత్రువులు. తట్టా చెమ్మస్‌తో (పారతో) టబ్బులు నింపిన కాలము గతించి యంత్రములు ప్రవేశించిన పిమ్మట ప్రమాదముల రూపము మాఱినదే కాని ప్రమాదము తొలగిపోలేదు. ఇక బాయి వెలుపల, కార్మికవాడల వంటయిండ్లలో, మఱిగిన నీటివలనను, కిరసనాయిలు మంటవలనను, చీరకొంగు అంటుకొనుటవలనను జరుగు అనర్థములు పత్రికల కెక్కకయే జరిగిపోవుచుండును. మన దేశమున ఏటేట పదిలక్షలకు పైబడిన జనులు మధ్యమముగనో తీవ్రముగనో కాలిన గాయముల పాలగుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది.

ఇట్టి గాయముపై ఏమి కప్పవలెనను ప్రశ్న చూచుటకు అల్పముగ దోచినను, దానికి మనవారు చెప్పుకొన్న సమాధానములు అసంఖ్యాకములు. సిరా పూసినవారు కలరు; దోసెపిండి మెత్తినవారు కలరు; పండ్లు తోము పేస్టు పులిమినవారు నేటికిని కలరు. వైద్యశాలలో దశాబ్దములుగా రాజ్యమేలినది తెల్లని సిల్వర్ సల్ఫాడయజిన్ లేపనము. గత రెండు మూడు దశాబ్దములుగా ప్రయోగశాలలనుండి వెలువడుచున్న క్రొత్త సమాధానము హైడ్రోజెల్ పట్టీ, అందునను తనలో ఇమిడ్చికొన్న యాంటీబయాటిక్ మందును గాయముపైకి కొంచెము కొంచెముగా విడుచు జెల్ పట్టీ. దీనినిగుఱించి వెలువడిన పరిశోధనపత్రములు వేలకొలది. రోగి మంచముకడకు చేరిన పట్టీలు మాత్రము వ్రేళ్లపై లెక్కింపదగినవి. ఈ వ్యత్యాసమునకు కారణమేమి, ఇందలి సారమెంత, కొత్తగూడెమువంటి చోట దీనిని ఏ మేరకు నమ్మవచ్చునను విషయము ఇచట విచారింపబడును.

మొదట గాయతత్త్వమును గ్రహింపవలెను. సుశ్రుతుడు అగ్నిదగ్ధమును ప్లుష్టము, దుర్దగ్ధము, సమ్యగ్దగ్ధము, అతిదగ్ధము అని నాలుగు విధములుగా విభజించి, చికిత్సను ఆ భేదమునుబట్టియే నిర్ణయించెను. ఆధునిక వైద్యమును లోతునే ప్రమాణముగా గొన్నది. పైపొర మాత్రమే కమిలినచో అది తనంత తానే మానును. చర్మములో కొంత లోతు కాలినచో రోమకూపములందును స్వేదగ్రంథులందును మిగిలియున్న జీవకణములనుండి క్రొత్తచర్మము సుమారు రెండు మూడు వారములలో ప్రాకివచ్చును. పూర్తిలోతు కాలినచో అట్టి కణములే యుండవు గనుక శస్త్రవైద్యుడు మాడినదానిని తొలగించి, మఱియొక చోటి చర్మమును తెచ్చి అంటువేయక తప్పదు. మాడిన చర్మపుపెచ్చులో రక్తప్రసారము నశించియుండును. కావున నోటిద్వారమున మింగినదియు, సూదిద్వారమున నెత్తుటిలో కలసినదియు ఐన మందు ఆ పెచ్చును చేరజాలదు. అచట స్టాఫిలోకాకస్, సూడోమోనాస్, క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు నిరాటంకముగా వృద్ధిపొంది, జిగటపొర గట్టుకొని, దాని మాటున మందునకును శరీరపు రక్షకకణములకును లొంగక నిలుచును. మందును పైనుండియే అందింపవలెనను తర్కమునకు పునాది ఇదియే, అది బలమైన పునాదియే.

గాయమును ఎండనిచ్చి పక్కు కట్టించుటయే మేలని లోకము చిరకాలము నమ్మినది. 1962లో జార్జ్ వింటర్ అను శాస్త్రజ్ఞుడు పందులపై చిన్న గాయములు చేసి, కొన్నింటిని గాలికి వదలి, కొన్నింటిని పాలిథీన్ పొరతో కప్పి చూడగా, తేమ నిలిచిన గాయములపై క్రొత్తచర్మము దాదాపు రెట్టింపు వేగముతో వ్యాపించినట్లు తేలెను. ఎండిన పక్కు క్రింద కణములు తేమగల దారిని వెదకుకొనుచు లోతుగా దిగి ప్రాకవలసివచ్చును. తేమయున్నచో నేరుగా సాగిపోవును. దీనికి రెండేండ్లు ముందుగా, 1960లో, చెకోస్లొవాకియాలో ఓటో విక్టర్లె, డ్రహొస్లావ్ లిమ్ అను రసాయనజ్ఞులు శరీరమునకు హాని చేయని నీటిజెల్‌ను వర్ణించియుండిరి. కంటిలో పెట్టుకొను మెత్తని కాంటాక్టు లెన్సు దానినుండియే పుట్టినది. ఒకరు తేమ యావశ్యకతను నిరూపించిరి. మఱియొకరు తేమను పట్టి నిలుపు పదార్థమును సిద్ధపఱచిరి. ఈ రెంటి కలయికయే నేటి జెల్ పట్టీ.

నీటిలో వేసిన సబ్జాగింజ చుట్టును ఏర్పడు స్వచ్ఛమైన జిగురువలె, హైడ్రోజెల్ యనగా దీర్ఘమైన అణుశృంఖలములు ఒకదానితో నొకటి ముడివడి ఏర్పడిన వలలో నీరు చిక్కుకొనియుండు స్థితి. తూకములో పదింట తొమ్మిదిపాళ్లు నీరే యైనను అది ప్రవహింపదు. సముద్రపు నాచునుండి తీసిన ఆల్జినేటు, రొయ్యపొట్టునుండి వచ్చు కైటొసాన్, జెలటిన్, కర్మాగారములలో తయారగు పాలివినైల్ ఆల్కహాలు, ఇవి ఈ వలకు ముఖ్యములైన నూలుపోగులు. ముడివేయు పద్ధతులును పలువిధములు: ఆల్జినేటును కాల్షియమే బిగించును, పాలివినైల్ ఆల్కహాలును మాటిమాటికి గడ్డకట్టించి కరిగించిన చాలును, గామాకిరణములను ప్రసరింపజేసినచో రసాయనముల జోలి లేకయే ముడి బిగియుటయు, పట్టీ క్రిమిరహితమగుటయు ఒక్కమారే నెఱవేరును. పోలెండు దేశీయుడు యానుష్ రోసియాక్ 1980 దశకమున ఈ కిరణమార్గమున పట్టీలను రూపొందించెను. మన భాభా అణుపరిశోధనకేంద్రము అదే మార్గమున పాలివినైల్ ఆల్కహాలు జెల్‌ను కాలిన గాయముల కొఱకు తయారుచేసి పరిశ్రమల కందించినది.

అట్టి పట్టీ గాయమును చల్లబఱచును, నొప్పిని తగ్గించును, పారదర్శకమైనందున విప్పకయే లోన చూడనిచ్చును; అన్నిటికంటె మిన్నగా, తీయునపుడు క్రొత్తచర్మమును ఊడబెఱుకదు. గాజుగుడ్డ కట్టు మార్చునపుడు ఆక్రందించిన రోగిని ఎఱిగిన నర్సులకు ఈ చివరి గుణము విలువ చెప్పనక్కఱలేదు. ముంబాయి వైద్యులు ఉడికించిన బంగాళాదుంప తొక్కలతోను, అరటియాకులతోను కట్టుకట్టి సత్ఫలితములు పొందుటయు, 1991లో సోలాపురమునుండి తేనెకట్టు మేలని వార్త వెలువడుటయు ఈ తేమసూత్రమునకే సాక్ష్యములు. అయితే జెల్‌కు లోపములును కలవు. రసి విస్తారముగా కారు గాయమున అది మఱింత రసిని పీల్చుకొనలేక చుట్టుప్రక్కల చర్మమును నానబెట్టును. శరీరమున విశాలభాగము కాలినచో, అందును పసిబిడ్డలయందు, తడిపట్టీ దేహోష్ణమును ప్రమాదకరముగా దించివేయును.

ఇక జెల్‌లో చేర్చు మందు సంగతి. ఈ కథలో తెలుగువారికి గర్వకారణమైన ఘట్టమొకటి గలదు: భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకుడై యుండగా, ఆయన సంస్థలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి సాధించిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు పరిచితమై టెట్రాసైక్లిన్ కుటుంబమునకు మూలమైనది. అప్పటికే బ్రిటనులో లెనార్డ్ కోల్‌బ్రుక్ కాలిన గాయములపై సల్ఫా, పెన్సిలిన్ లేపనములను పూసి స్ట్రెప్టోకాకస్‌ను అదుపుచేసియుండెను. కాని ప్రతి విజయమునకు వెనువెంట ఒక ఎదురుదెబ్బ తగులుచునే వచ్చినది. 1969లో బర్మింగ్‌హామ్ బర్న్స్ వార్డున, అప్పుడప్పుడే వాడుకలోనికి వచ్చిన కార్బెనిసిలిన్‌ను లెక్కచేయని సూడోమోనాస్ బయలుదేరినది. 1968లో చార్లెస్ ఫాక్స్ వెండిని సల్ఫాతో జతపఱచి సిల్వర్ సల్ఫాడయజిన్‌ను ప్రవేశపెట్టగా, వెండికి సూక్ష్మజీవి ఎన్నడును అలవాటుపడదని తలచిరి. కాని 1975లో బోస్టన్ నగరపు బర్న్స్ వార్డున సిల్వర్ నైట్రేటును జయించిన సాల్మొనెల్లా ప్రత్యక్షమైనది. కాలిన గాయము మందునకు రణరంగమైనట్లే, మందును ఓడించు విద్యకు పాఠశాలయు నగుచున్నది.

కావున జెల్‌లో మందు చేర్చుటకంటె, ఆ మందు ఎంత వేగముతో, ఎంతకాలము వెలువడునన్నదే ముఖ్యప్రశ్న. 1961లో తకెరు హిగుచి నిరూపించిన సూత్రము ప్రకారము, లేపనమునుండి వ్యాపనమువలన వెలువడు మందు పరిమాణము కాలపు వర్గమూలమును అనుసరించును. అనగా మొదటిదినమున వెలువడినదానికి రెట్టింపు వెలువడవలెనన్న నాలుగుదినములు పట్టును. నీటిలో సులభముగా కరగు జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి చిన్న అణువులు విశాలమైన రంధ్రములుగల జెల్‌లో నిలువలేక, తొలిగంటలలోనే పెద్దపాలు బయటపడి, పిమ్మట దినముల తరబడి సన్నని ధారగా కారుచుండును. తొలి ఉప్పెన కొంత మేలే, ఏలయన స్థిరపడని సూక్ష్మజీవులను అది ఒక్కసారిగా తుడిచిపెట్టును. ఐనను విశాలమైన గాయమునుండి జెంటామైసిన్, నియోమైసిన్‌లు రక్తమున చేరినచో మూత్రపిండములకును వినికిడికిని హాని కలుగును. తుదిని కారు సన్నని ధార మఱింత కపటమైనది: అది సూక్ష్మజీవిని చంపుటకు చాలదు, శిక్షణ నిచ్చుటకు చాలును.

ఈ చిక్కును విప్పుటకు రసాయనజ్ఞులు చేసిన యత్నములు మెచ్చదగినవి. ధనవిద్యుదావేశముగల జెంటామైసిన్‌ను ఋణావేశముగల ఆల్జినేటు పట్టి ఉంచునని గ్రహించి కొందఱు ఆ ఆకర్షణను పగ్గముగా వాడిరి. కొందఱు మందును సూక్ష్మగోళములలో మూసి, ఆ గోళములను జెల్‌లో పొదిగిరి. మఱికొందఱు మందునే వలలోని ముడిగా చేసి, గాయమున ఆమ్లత్వము హెచ్చినపుడు ఆ ముడి తెగి మందు విడుదలయగునట్లు ఏర్పాటు చేసిరి. పోలాక్సామర్ అను పదార్థము చల్లగానున్నపుడు ద్రవమై, శరీరపు వేడిమి తగులగనే గట్టిపడును గనుక, ఎగుడుదిగుడు గాయములందు పోయుటకు అనుకూలము. కాని విమర్శకుడు ఇచట ఒక మాట అడుగక తప్పదు: ఆమ్లత్వమును చూచి మేలుకొను జెల్ చక్కనిదే, మానక మొండికెత్తిన పుండ్లలో తఱచు కనిపించునది క్షారగుణము గదా! ప్రయోగశాలలోని పరీక్షనాళికను ఉద్దేశించి రూపొందించిన తెలివి, రోగి పుండునకు సరిపడునని ముందుగానే నిశ్చయించుటకు వీలులేదు.

ప్రయోగఫలితములను తూచునపుడు ఈ జాగ్రత్త మఱింత అవసరము. ఈ పత్రములలో అత్యధికభాగము రెండు సాక్ష్యములను చూపును: అగర్ పళ్లెరములో పట్టీ చుట్టును సూక్ష్మజీవులు పెరుగని వలయము, ఎలుక వీపుపై త్వరగా మూసుకొన్న గాయము. వలయము మందు వ్యాపించుటను చెప్పునే గాని, రసి, మృతకణములు, జిగటపొర కలగలసిన నిజగాయమున ఏమి జరుగునో చెప్పదు. ఎలుక చర్మము క్రింద పలుచని కండరపుపొర యుండుటచే దాని గాయము అంచులు దగ్గఱకు ముడుచుకొని మూసుకొనును. మనుష్యుని గాయము ప్రధానముగా క్రొత్తచర్మము ప్రాకుటవలనను, అడుగున కండ పూడుటవలనను మానును. పంది చర్మము మనకు సన్నిహితమైనను ఆ ప్రయోగము వ్యయసాధ్యము. మానవులపై జరిగిన పరీక్షలను క్రోడీకరించి 2013లో వెలువడిన కోక్రేన్ సమీక్షలు రెండు మనకు శరణ్యములు. పైపైని, కొంతలోతు వఱకు కాలిన గాయములందు సిల్వర్ సల్ఫాడయజిన్ ఇతరపు కట్టులకంటె వెనుకబడినదనియు, మందులేని హైడ్రోజెల్ సైతము సామాన్యపు కట్టుకంటె త్వరగా మాన్పినదనియు ఒకటి తెలిపెను, అందలి పరీక్షల నాణ్యత తక్కువయని హెచ్చరించుచు. అంటు సోకకుండ ముందుగానే వాడు యాంటీబయాటిక్‌లను విచారించిన రెండవది, కట్టులతోను కృత్రిమచర్మములతోను పోల్చినచో సిల్వర్ సల్ఫాడయజిన్ వాడినచోట అంటు హెచ్చినదని చూపెను. తేమకు సాక్ష్యము కలదు. తేమలో కలిపిన యాంటీబయాటిక్‌కు మానవసాక్ష్యము ఇంకను పలుచన.

తెలుగునేల ఈ శాస్త్రమున చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు పాలిమర్ శాస్త్రశాఖలో ఆచార్య కె. మోహనరాజు బృందము, జెల్ వలలోని ఖాళీలనే సూక్ష్మమైన మూసలుగా వాడి అందులో వెండి నానోకణములను పుట్టించుట, కైటొసాన్ పొరలలో వెండిని, పసుపులోని కర్క్యుమిన్‌ను కలిపి సూక్ష్మజీవులపై పరీక్షించుట మున్నగు కృషి చేసి, ఆ ఫలితములను 2009 మొదలుకొని అంతర్జాతీయ పత్రికలలో ప్రకటించినది. హైదరాబాదున అణుశక్తిశాఖకును ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును చెందిన శాస్త్రజ్ఞులు 2010లో కొండగోగు బంకతోనే వెండి నానోకణములను తయారుచేసి, వాని క్రిమినాశకశక్తిని చూపిరి. ఈ సంగతి కొత్తగూడెము జిల్లావారికి విశేషముగా పట్టదగినది. భద్రాచలము మన్నెమున అట్టి యడవి బంకయే యైన తపసి బంక గిరిజనులకు సంతబేరము, గిరిజన సహకారసంస్థ కొనుగోలు సరకు. ఆ తపసి బంక నీటిలో అనేకరెట్లు ఉబ్బు స్వభావము కలది. సిమ్లాలోని హిమాచలప్రదేశ విశ్వవిద్యాలయమున బల్జీత్ సింగ్ ప్రభృతులు దానిని పాలివినైల్ ఆల్కహాలుతో ముడివేసి, మందును మెల్లగా విడుచు గాయపుపట్టీలను రూపొందించి 2012లో ప్రకటించిరి. మన యడవి బంకకు శాస్త్రగౌరవము పర్వతప్రాంతపు ప్రయోగశాలలో లభించుట సంతోషమే. ఆ పట్టీ మన గనికార్మికుని గాయమునకు చేరు దారి మాత్రము ఇంకను వేయవలసియున్నది.

ఈ దారిని వేయుటకు పూర్వము ఒక కఠినసత్యమును మఱవరాదు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెఱువులో, మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడను శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందము 2007లో ప్రకటించినది. ఆ మందు మింగిన రోగి నెత్తుటిలో ఉండు పరిమాణమునకు అది ఎన్నోరెట్లు. ఇట్టి వాతావరణమున పెరిగిన సూక్ష్మజీవులపైకి అదే సిప్రోఫ్లాక్సాసిన్‌ను జెల్‌లో పెట్టి, చావనంత కొలదిగా, వారముల తరబడి కార్చుట వివేకము కాదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణసంస్థ 2023 నవంబరులో, మానవచికిత్సకు ముఖ్యములైన యాంటీబయాటిక్‌లను చేర్చిన గాయపుపట్టీలను అత్యంతకఠిన పరిశీలన అవసరమగు తరగతిలో నిలుపవలెనని ప్రతిపాదించుటకు, సూక్ష్మజీవులు మందునకు లొంగకపోవునను ఈ భయమే ముఖ్యకారణము. పత్రములు వేలు, పట్టీలు పదులును కాకపోవుటకు ఇదియొక హేతువు. నిర్మాతకు లాభము తక్కువ, పరీక్షావ్యయ మెక్కువ యగుట రెండవది. జెల్‌లోని నీటిలో మందు నెలల తరబడి చెడక నిలుచుట కష్టమగుట మూడవది.

ఇంతవఱకు జరిగిన విచారణనుండి సింగరేణి మండలమునకు నేను గ్రహించు క్రమమిది. కాలిన వెంటనే ఇరువది నిమిషములు పాఱుచున్న చల్లని నీటిక్రింద నుంచుటను మించిన మందు లేదు; ఆ నీరే బొగ్గునలుసును కడిగివేయవలెను, ఏలయన గాయములో మిగిలిన బొగ్గుపొడి చర్మము మానిన పిమ్మటను నీలిమచ్చయై నిలిచిపోవును. పిదప, పైపైని గాయము చిన్నదైనచో, మందులేని హైడ్రోజెల్ చాలును. బాయిలోని మురికి సోకిన గాయమునకు వెండి గల జెల్ కొలది దినములు వాడి మానవచ్చును. యాంటీబయాటిక్ జెల్‌ను గాయపు రసిని కల్చర్ పరీక్ష చేయించి, ఏ సూక్ష్మజీవి యున్నదో, ఏ మందునకు లొంగునో తెలిసికొన్న తరువాతనే, గడువు ముందుగా నిర్ణయించుకొని వాడవలెను. లోతుగా కాలిన గాయమును ఎంతటి తెలివిగల జెల్‌తో కప్పియుంచినను కాలయాపనయే. అట్టివానిని చర్మపు అంటు వేయగల శస్త్రవైద్యుని చెంతకు త్వరగా పంపవలెను. కొత్తగూడెమునుండి హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రికి, 2022లో చర్మనిధి వెలసిన ఆ చోటికి, సుమారు 280 కిలోమీటర్లు. అంతదూరపు ప్రయాణమున గాయమును తేమగా, శుభ్రముగా, నొప్పి లేక కాపాడగల పట్టీయే ఈ ప్రాంతమునకు హైడ్రోజెల్ చేయగల మొదటి ఉపకారము. ఐతే విశాలముగా కాలినవానిని తడిపట్టీలో చుట్టి చల్లబఱచక, శుభ్రమైన పొడిగుడ్డతో కప్పి, కంబళి కప్పి పంపవలెను.

మానవసాక్ష్యము పలుచనయని పైన చెప్పితిని. ఆ లోటును పూరించుటకు ఈ ప్రాంతమున కొన్ని సౌకర్యములు సహజముగనే సమకూడియున్నవి. 2022లో కొత్తగూడెమునను రామగుండమునను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. సింగరేణి సంస్థకు కొత్తగూడెమున ప్రధానాస్పత్రియు, ఇతర కేంద్రములలో ఏరియా ఆస్పత్రులును కలవు; కార్మికుడు గాయపడిన దినమునుండి మరల మస్టరు పడు (పనిలో హాజరగు) దినము వఱకు ఒకే సంస్థ రికార్డులలో నుండును. ఎన్నియో నగరపరీక్షలు రోగి మధ్యలో కనబడకపోవుటచే చెడిపోవుచుండగా, ఇచట అతనిని కడదాక గమనించు వీలు కలదు. మందులేని జెల్‌ను, వెండిజెల్‌ను, కొండగోగు బంకతోనో తపసి బంకతోనో చేసిన దేశీయపు జెల్‌ను, నేటి లేపనముతో సరిపోల్చి చూచు పరీక్ష ఇచట జరుగవలెను. గాయము మానుటకు పట్టిన దినములు, కట్టు మార్చునపుడు కలిగిన నొప్పి, పనిలోనికి తిరిగి చేరిన దినము, వీనితోపాటు ఇంటికి పోవునప్పటికి రోగి శరీరమున మందునకు లొంగని సూక్ష్మజీవులు కొత్తగా చేరినవా యను నాలుగవ లెక్కయు తప్పక వ్రాయబడవలెను. ఆ నాలుగవ లెక్కలో ఓడిన జెల్, మొదటి మూడింటిలో ఎంత గెలిచినను, వార్డులోనికి రాదగినది కాదు.